ఎందుకు కొట్టిండో కోర్టు అడగదు

పోయిన ఎండాకాలంలో ఒక అనువాదం పని ఒప్పుకున్నాను. పాత హత్య కేసు తీర్పు, నలభై పేజీలు, ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి తేవాలి. కథలూ వ్యాసాలూ అనువదించిన ధైర్యంతో ఇదెంత పని అనుకున్నా. పన్నెండో పేజీలో ఒక వాక్యం దగ్గర బండి దిగబడింది. నిందితుడి ఇంటెన్షన్ రుజువైంది కనుక మోటివ్ రుజువు కాకపోయినా ఫరవాలేదని ఆ వాక్యం సారం. తొందరలో నేను రాసింది ఇది: "నిందితుడి ఉద్దేశం రుజువైంది కనుక, ఉద్దేశం రుజువు కాకపోయినా ఫరవాలేదు."

మళ్లీ చదువుకొని నవ్వుకున్నా. కాసేపటికి ఆ నవ్వు పోయింది. ఆ తీర్పు చివర ఒక మనిషికి యావజ్జీవం పడింది. ఏ మాట మీద పడిందో నా తెలుగులో తెలియడం లేదు.

మాది మరిపెడ పక్క పల్లె. బస్సులోళ్లకు 'మరిపెడ బంగ్లా' అంటే తెలుస్తుంది, వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద. మా పెద్దనాయిన మానుకోట కోర్టులో ఒక వకీలు దగ్గర చానా ఏండ్లు గుమాస్తాగా చేసిండు. మానుకోట అంటే మహబూబాబాదే. ఊళ్లో ఇప్పటికీ ఎవరూ మహబూబాబాద్ అనరు. ఆయనకు ఫోన్ చేసినా.

"పెద్దనాయినా, ఇంటెన్షన్‌కూ మోటివ్‌కూ కోర్టుల ఏం ఫరక్ చెప్తరే?"

"గదేమన్న పెద్ద ముచ్చటనా బిడ్డా? కట్టె లేపి కొట్టాల్ననే కొట్టిండా, చెయ్యి జారి తగిలిందా? గది మొదటిది. మరి ఎందుకు కొట్టిండు? గిది రెండోది. మొదటిది కోర్టు అడుగుతది. రెండోది ఊరు అడుగుతది."

ఆ రాత్రి అనువాదం పక్కన పెట్టి, ఈ రెండు మాటలు మన దగ్గరికి ఎట్లా వచ్చినయో వెతకడం మొదలుపెట్టిన. వెతికిన కొద్దీ డిక్షనరీలో కాకుండా ఉరికంబాల దగ్గర తేలుతూ వచ్చిన.

*

ముందు మాటల సంగతి. ఇంటెన్షన్‌కు లాటిన్ మూలంలో సాగదీయడం, ఒక వైపుకు ఎక్కుపెట్టడం అని అర్థం. మోటివ్‌కు మూలం కదిలించేది అని. అంటే మొదటిది మనిషి ముందున్న గురి, రెండోది వెనక నుంచి తోసే చెయ్యి. మన 'ఉద్దేశం' కూడా గురి వంటిదే. 'దిశ' అన్న మాట పుట్టిన ధాతువు నుంచే పుట్టింది, ఒక వైపు చూపించడం అని. కానీ వాడుకలో అది రెండు పనులూ చేస్తున్నది. 'ఉద్దేశపూర్వకంగా చేశాడు' అంటే తెలిసి, కావాలని చేశాడని. అది ఇంటెన్షన్. 'దురుద్దేశంతో చేశాడు' అంటే మనసులో ఏదో చెడ్డ కారణం పెట్టుకొని చేశాడని. అది మోటివ్‌కు దగ్గర. పైగా 'ఉద్దేశం', 'ఉద్దేశ్యం' అని రెండు రూపాలున్నాయి. ఉద్దేశించడం మొదటిది, ఉద్దేశించబడేది రెండోది. వ్యాకరణం క్లాసులో ఉద్దేశ్యం, విధేయం అని చదువుకున్నప్పుడు మాత్రమే ఈ తేడా గుర్తుంటుంది. పేపర్లో మాత్రం ఏది చేతికొస్తే అది.

ఒక ఉదాహరణ చూద్దాం. రాత్రి పూట ముగ్గురు వేర్వేరు మనుషులు, వేర్వేరు చోట్ల, పక్కోడి బాయికాడ మోటారు వైరు కోసిండ్రు. ఒకడు పగతో. ఒకడు రాగి అమ్ముకొని బిడ్డకు మందులు కొనడానికి. ఇంకొకడు తాగి పందెం కాసి. ముగ్గురి మోటివ్‌లు వేరు. కానీ 'పక్కోడి వైరు తెలిసి కోసిండా?' అన్న ప్రశ్నకు ముగ్గురి జవాబూ ఒకటే. ఇప్పుడు తిప్పి చూద్దాం. గట్టు తగాదా పెట్టుకున్న ఇద్దరు అన్నదమ్ములు మూడోవాడి మీదికి పోయిండ్రు. ఇద్దరిదీ ఒకటే పగ. ఒకడు బెదిరిద్దామని కట్టె పట్టుకపోయిండు, ఇంకొకడు గొడ్డలి. మోటివ్ ఒకటే, ఇంటెన్షన్లు రెండు. పగ పట్టినందుకు కోర్టు ఎవరికీ శిక్ష వేయదు. గొడ్డలి ఎక్కడ దిగాలనుకున్నవన్నదే అడుగుతుంది.

ఈ పద్ధతి మన దేశానికి మెకాలే ముసాయిదాతో వచ్చింది. 1837లో సిద్ధమైన ఆ ముసాయిదా 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్‌గా అమలైంది. ఆ ముసాయిదా మీద బెంథామ్ ప్రభావం ఉందని అందరూ ఒప్పుకుంటారు. ఏ మోటివూ దానంతట అది చెడ్డది కాదని ఆయన 1789లోనే వాదించాడు. ఆకలీ, ప్రేమా, భయమూ మంచి పనీ చేయిస్తాయి, చెడ్డ పనీ చేయిస్తాయి. కాబట్టి చట్టం మనసు లోపలికి మరీ లోతుగా తవ్వకుండా, పనికి ఆనుకొని ఉన్న ఆ ఒక్క పొర చూసి ఆగిపోవాలి. పీనల్ కోడ్‌లో హత్యను నిర్వచించే సెక్షన్లు 299, 300. వాటినిండా చంపాలనే ఇంటెన్షన్, చస్తారనే తెలివిడి ఉంటాయి. మోటివ్ అన్న మాట అక్కడ వెతికినా దొరకదు.

మోటివ్‌కు చోటు దొరికింది ఇంకో చట్టంలో. 1872 సాక్ష్య చట్టం, ఎనిమిదో సెక్షన్. అక్కడ ఇచ్చిన మొదటి ఉదాహరణే డిటెక్టివ్ నవలలా ఉంటుంది. ఒకడు హత్య చేశాడు. ఆ సంగతి తెలిసిన ఇంకొకడు, బయటపెడతానని బెదిరించి డబ్బు గుంజబోయాడు. ఆ బెదిరించినవాడు హత్యకు గురైతే, ఈ పాత కథంతా సాక్ష్యంగా పనికొస్తుంది. అంటే మోటివ్ కోర్టులోకి ఎట్లా వస్తున్నదో చూడండి. నిందితుడు తన బాధ చెప్పుకోవడానికి కాదు, వీడే చేసి ఉంటాడని పోలీసులు చూపించడానికి. కళ్లతో చూసినవాళ్లు ఉంటే అదీ అక్కర్లేదు. నేను తడబడిన వాక్యం అక్కడి నుంచి వచ్చిందే.

*

అయితే మరిపెడకు ఈ ఇంగ్లిష్ మాటలు 1862లో రాలేదు. మాది నైజాం. మా కోర్టు భాష ఉర్దూ.

ఇండియన్ పీనల్ కోడ్‌ను 'తాజీరాత్-ఎ-హింద్' పేరుతో ఉర్దూలోకి తెచ్చినవాళ్లలో నజీర్ అహ్మద్ ఒకరు. ఉర్దూ నవలకు తొలి అడుగులు వేసిన 'మిరాతుల్ ఉరూస్' రచయిత. చట్టాన్ని అనువదించిన చేతితోనే ఆయన నవలలు రాశాడు. 1877లో సాలార్‌జంగ్ కాలంలో హైదరాబాద్ సంస్థానంలో ఉద్యోగానికి కూడా వచ్చాడు. తర్వాత సంస్థానానికి సొంత శిక్షాస్మృతి వచ్చింది, 'తాజీరాత్-ఎ-ఆసఫియా'. దాని అచ్చు బ్రిటిష్ ఇండియా కోడ్‌దే, భాష మాత్రం ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ లా పాఠాలు కూడా ఉర్దూలోనే చెప్పింది. ఆ పుస్తకాలలో, ఆ వాదనల్లో ఇంటెన్షన్ స్థానంలో నీయత్, ఇరాదా వంటి మాటలుండేవి.

ఇక్కడే మాటలు ఊరి దారి పట్టినయి. నీయత్ మొదట మతానికి సంబంధించిన మాట. నమాజు మొదలుపెట్టే ముందు మనసులో చేసుకునే సంకల్పం. పని విలువ దాని నీయత్‌ను బట్టే అనే భావన ఇస్లాంలో చాలా పాతది. ఆ మాట మా ఊళ్లో 'నియ్యత్' అయింది. కానీ అర్థం సంకల్పం దగ్గర ఆగలేదు. 'నియ్యత్ గల్ల మనిషి' అంటే మాట తప్పనివాడు, పరాయి సొమ్ముకు ఆశపడనివాడు. 'నియ్యత్ లేనోడు' అంటే నమ్మరానివాడు. 'ఇరాదా' ఏం అనుకుంటున్నవో చెప్పడానికి మిగిలింది. 'మతలబ్' లోపల దాచిపెట్టుకున్న ఎత్తుగడ అయింది. 'ఏందిరా వీని మతలబు?' అంటాం. 'గరజు' అవసరం అయింది. 'నాకేం గరజు?' అంటాం. ఇంగ్లిష్‌లో రెండు మాటలున్న చోట మా అవ్వల నోట్లో నాలుగు ఉండేవి. అయినా అందులో ఏ ఒక్కటీ ఇంటెన్షన్‌ను మోటివ్ నుంచి కోసినట్టు వేరు చేయదు. నియ్యత్ అన్న ఒక్క మాటలో గురీ ఉంది, ఆ గురి వెనక మనిషి ఎట్లాంటివాడన్న తీర్పూ ఉంది.

మా పక్కనే ఉన్న చిన్నగూడూరు మొన్న మొన్నటి దాకా మరిపెడ మండలంలోనే ఉండేది. దాశరథి కృష్ణమాచార్య పుట్టిన ఊరు. ఉర్దూ చదువులో పెరిగి, నిజాం జైలుకు పోయి, 1961లో గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చిన మనిషి. ఉర్దూ మీద కోపం లేకుండా ఉర్దూ సర్కారు మీద కొట్లాడొచ్చని ఆయన్ను చూస్తే తెలుస్తుంది. ఆ రోజుల్లో మా తాలూకాల్లో మనుషులు రెండు భాషల మధ్య బతికేవారు. ఫిర్యాదు తెలుగులో ఏడ్చేవారు, అర్జీ ఉర్దూలో రాయించుకునేవారు. మధ్యలో ఎన్ని 'ఎందుకు'లు జారిపోయినయో లెక్క లేదు.

*

1948 సెప్టెంబరులో పోలీసు చర్య. సంస్థానం పోయింది, మిలిటరీ గవర్నర్ వచ్చాడు. సాయుధ పోరాటంలో పట్టుబడిన రైతుల మీద హత్య కేసులు విచారించడానికి ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టారు. అట్లాంటి కేసుల్లో 12 మందికి ఉరిశిక్ష పడింది. 1949 డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు ఖాయం చేసింది. నెలన్నర తర్వాత రాజ్యాంగం అమల్లోకి వచ్చింది.

వాళ్ల తరఫున వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. జనార్దన్ రెడ్డి కేసుగా లా పుస్తకాల్లో ఉన్న ఆ తీర్పును సుప్రీంకోర్టు 1951 మార్చి 16న ఇచ్చింది. వకీలును పెట్టుకునే అవకాశం సరిగా దొరకలేదన్న మొర కూడా అందులో ఉంది. కోర్టు ఒప్పుకోలేదు. హైకోర్టు తీర్పులు రాజ్యాంగానికి ముందువి కనుక తాము వాటిని అప్పీలులో తిరగదోడలేమంది. వాళ్లు ఎందుకు ఆయుధం పట్టారు, ఆ గడీలలో ఏం జరిగింది, వెట్టి ఎట్లా ఉండేది అన్నది అసలు చర్చకే రాలేదు. చివరికి ఆ ఉరిశిక్షలు అమలు కాలేదు, యావజ్జీవంగా మారినయి. దేశంలోనూ బయటా జరిగిన ప్రచారమే దానికి దారి తీసింది. 'ఎందుకు' అన్న ప్రశ్నకు కోర్టు లోపల చోటు దొరకలేదు, కోర్టు బయట దొరికింది.

ఆ తీర్పు వచ్చిన పదహారు రోజులకు, 1951 ఏప్రిల్ 1న, ఇండియన్ పీనల్ కోడ్ హైదరాబాద్ రాష్ట్రానికి వర్తించింది. 'తాజీరాత్-ఎ-ఆసఫియా' చరిత్రలో కలిసింది. మానుకోటలో నీయత్ పోయి ఇంటెన్షన్ వచ్చింది. పరాయి భాష ఒకటి పోయి మరొకటి వచ్చింది, అంతే. తెలుగు వంతు ఇంకా రాలేదు. 1966లో అధికార భాషా చట్టం వచ్చినా, పెద్ద కోర్టుల్లో తీర్పు రాసే భాష మారలేదు.

*

ఆ తేడా మనుషుల ప్రాణం మీదికి మళ్లీ వచ్చింది భూమయ్య, కిష్టాగౌడ్ కేసులో. ఆదిలాబాద్ జిల్లా రైతు కూలీలు, నక్సలైట్ ఉద్యమంలో ఉన్నవాళ్లు. భూస్వామి హత్య కేసులో ఉరిశిక్ష పడింది. హైకోర్టూ సుప్రీంకోర్టూ మార్చలేదు. రాష్ట్రపతి క్షమాభిక్ష తోసేశాడు. వాళ్ల కోసం కవులు, లాయర్లు, పార్లమెంటు సభ్యులు, బయటి దేశాల మేధావులు కూడా మాట్లాడారు. లాయర్లలో కన్నబిరాన్ ఒకరు. 1975 మేలో ఉరికి కొన్ని గంటల ముందు, అర్ధరాత్రి హైకోర్టు న్యాయమూర్తి ఇంటి తలుపు తట్టి స్టే తెచ్చుకున్నారు. జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది.

ఉద్యమకారుల వాదన సారాంశం ఒక్కటే. వీళ్లు చంపింది నగల కోసం కాదు, సొంత పగతో కాదు. భూమి కోసం, వెట్టి పోవాలని, ఒక రాజకీయ నమ్మకంతో. అలాంటివాణ్ణి డబ్బు కోసం గొంతు కోసినవాడితో ఒకే గాటన కట్టొద్దు. మన రెండు మాటల్లో చెప్పాలంటే, ఇంటెన్షన్ మీద మాకు పేచీ లేదు, మోటివ్ వినండి అని.

ఆ పిటిషన్ సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ముందుకు వచ్చింది. ఉరిశిక్షను మనసారా వ్యతిరేకించిన మనిషి ఆయన. అయినా ఆయన చేతులు కట్టేసి ఉన్నాయి. మన శిక్షాస్మృతి రాజకీయ హత్యకూ మామూలు హత్యకూ తేడా చూపదు. క్షమించే అధికారం రాష్ట్రపతిదీ గవర్నర్‌దీ, కోర్టుది కాదు. పిటిషన్ కొట్టేశారు. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఇద్దరినీ ఉరితీశారు.

అదే న్యాయమూర్తి అంతకు ముందు, 1974 ఫిబ్రవరిలో, మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఇంకో కేసులో ఉరిని యావజ్జీవంగా మార్చారు. ఈడిగ అనమ్మ కేసు. ఒక స్త్రీనీ పసిపాపనూ చంపిన నేరం. అసూయ దానికి కారణం. తీర్పులో ఆయన ఆమె వయసు చూశారు, మామ ఇంటి నుంచి వెళ్లగొట్టడం చూశారు, ఆమెకు చిన్న పిల్లవాడున్నాడని చూశారు. అక్కడ 'ఎందుకు' వినపడింది, కిష్టాగౌడ్ దగ్గర వినపడలేదు. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే మొదట కోపం వస్తుంది. తర్వాత సంగతి అర్థమవుతుంది. అనమ్మ కేసు శిక్ష గురించిన అప్పీలు. అక్కడ కోర్టుకు తూకం వేసే చోటుంది. భూమయ్య, కిష్టాగౌడ్ ఆయన ముందుకు వచ్చేసరికి అప్పీళ్లన్నీ అయిపోయాయి. మిగిలిన తలుపు ఒక్కటే, దాని తాళం ఆయన దగ్గర లేదు.

ఇంకో దురదృష్టం కూడా ఉంది. 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఒక కొత్త పద్ధతి తెచ్చింది. నేరం రుజువయ్యాక, శిక్ష వేసే ముందు ముద్దాయి మాట విడిగా వినాలి. ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలి. అంటే విచారణ రెండు ముక్కలైంది. మొదటి ముక్కలో ఇంటెన్షన్, రెండో ముక్కలో 'ఎందుకు'. ఈ ఇద్దరి విచారణ అంతకు ముందే, పాత కోడ్ కిందనే ముగిసింది.

హిందీలో ఈ చట్టాలు చదివితే ఇంకో విడ్డూరం కనిపిస్తుంది. అక్కడ ఇంటెన్షన్‌కు వాడే మాట 'ఆశయ్'. మోటివ్‌కు 'హేతు'. చంపాలనే ఆశయ్ అంటారు. తెలుగులో ఆశయం అంటే ఏమిటి? ఊరూరా అమరుల స్తూపాల మీద ఉండే మాట. కిష్టాగౌడ్‌కు ఉన్నది ఏది అంటే, హిందీ చట్టం లెక్కన ఆశయం ఉంది కాబట్టి ఉరి. తెలుగు లెక్కన ఆశయం ఉంది కాబట్టి ఉరి వద్దు.

*

ఇక్కడిదాకా చదివి, చట్టం చెవిటిది, ఊరే నయం అనుకుంటే తొందరపడినట్టే. నేనూ కొన్ని రోజులు అట్లానే అనుకున్నా.

2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన భార్య కళ్ల ముందే నరికి చంపారు. కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు. కొన్నాళ్లకు, చంపించాడని అరెస్టయిన పెళ్లికూతురి తండ్రికి మద్దతుగా ర్యాలీలు తీసినవాళ్లున్నారు. కన్నతండ్రి బాధ అర్థం చేసుకోవాలని ఫేస్‌బుక్‌లో రాసినవాళ్లున్నారు. ఊరు 'ఎందుకు' అని అడిగింది. జవాబు విని కొందరు తలూపారు. ఊరికి చెవులున్నాయి గానీ, ఆ చెవులకు కులం కూడా ఉంది. అటువంటప్పుడు 'నీ బాధ నాకెందుకు, చంపమని చెప్పినవా లేదా?' అని అడిగే చట్టమే దిక్కు. బెంథామ్ ఎందుకు మోటివ్‌ను వాకిట్లోనే ఆపాడో నాకు అప్పుడు అర్థమైంది.

శిక్ష దగ్గర కూడా ఈ కత్తికి రెండు వైపులా పదునే. 1980లో బచన్ సింగ్ కేసు 'అరుదైన వాటిలోకెల్లా అరుదు' అన్న కొలమానం తెచ్చింది. 1983లో మచ్ఛీ సింగ్ కేసు ఆ అరుదైనవి ఏవో పట్టీ వేస్తూ, అందులో మోటివ్‌ను కూడా చేర్చింది. కిరాయికి చంపినా, ఆస్తి కోసం చంపినా ఉరి వైపు మొగ్గొచ్చని. కరుణ రావడానికి తెరిచిన తలుపులోంచే ఉరితాడూ వస్తుంది.

మరి 'ఎందుకు' అన్న ప్రశ్నను ఎక్కడ అడగాలి? నేను చూసినంతలో దీనికి జవాబు ఇంకో కేసులో ఉంది.

1993 మార్చి 8 తెల్లవారుజామున గుంటూరు జిల్లా చిలకలూరిపేట దగ్గర ఒక ఆర్టీసీ బస్సు కాలిపోయింది. 23 మంది చనిపోయారు. చలపతిరావు, విజయవర్ధనరావు అనే ఇద్దరు పేద దళిత యువకులు దోపిడీ కోసం బస్సెక్కి, పెట్రోలు చల్లి నిప్పు పెట్టారని కోర్టులు తేల్చాయి. వాళ్లు బయల్దేరింది డబ్బు కోసం, చంపడానికి కాదు అన్నది అందరికీ తెలిసిన సంగతే. కానీ పీనల్ కోడ్‌లో ఇంటెన్షన్ పక్కనే ఇంకో మాట ఉంది, తెలివిడి. జనం నిండిన బస్సులో పెట్రోలుకు నిప్పంటిస్తే చస్తారని తెలియదా? తెలుసు. తెలిసి చేస్తే అది హత్యే. ఆ లెక్క తప్పని నేను అనలేను. ఆ బస్సులో ఇంటికి పోతున్న 23 మంది వైపు నుంచి చూస్తే దోచుకుందామనుకున్నారా, చంపుదామనుకున్నారా అన్న తేడా బూడిదతో సమానం. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉరిశిక్ష ఖాయం చేసింది. రాష్ట్రపతి క్షమాభిక్ష తోసేశాడు.

అప్పుడు పౌరహక్కులవాళ్లు, రచయితలు మళ్లీ బయల్దేరారు. మహాశ్వేతాదేవి కూడా గొంతు కలిపింది. ఒకసారి తోసేసిన దరఖాస్తును మళ్లీ పెట్టొచ్చా? పెట్టొచ్చు. ఒక క్షమాభిక్ష దరఖాస్తును తిరస్కరించినంత మాత్రాన రాష్ట్రపతికి ఆ అధికారం ఖర్చయిపోదు, మళ్లీ వినొచ్చు అని సుప్రీంకోర్టు అప్పటికి ఇరవై ఏండ్ల కిందటే చెప్పింది. ఎక్కడ చెప్పిందో తెలుసా? కిష్టాగౌడ్, భూమయ్య పిటిషన్ కొట్టేసిన తీర్పులోనే. కృష్ణయ్యర్ తాళం తన దగ్గర లేదని చెబుతూనే, తలుపు మాత్రం ఎప్పటికీ మూసుకుపోదని రాసిపెట్టారు. ఆ మాట ఆ ఇద్దరికీ పనికిరాలేదు. చిలకలూరిపేట ఇద్దరి రెండో దరఖాస్తు రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దగ్గరికి పోయింది. 1998లో ఉరి యావజ్జీవంగా మారింది.

ఇది చదివిన రోజు కాసేపు ఏ పనీ చేయలేకపోయా. ఓడిపోయిన కేసులోని ఒక వాక్యం, ఆ కేసులోని మనుషులు పోయిన ఇన్నేండ్లకు, వాళ్లకు ఏ సంబంధమూ లేని ఇద్దర్ని బతికించింది.

నాకు అర్థమైనంతలో ఈ రెండు మాటలూ పోటీ పడేవి కావు. వాటిని ఒకదాని తర్వాత ఒకటి అడగాలి. నేరమా కాదా అన్నప్పుడు ఇంటెన్షన్ అడగాలి. అక్కడ 'ఎందుకు'ను రానిస్తే కులం గెలుస్తుంది, డబ్బు గెలుస్తుంది. మనిషిని ఏం చేయాలి అన్నప్పుడు మాత్రం 'ఎందుకు' అడగక తప్పదు. అడగకపోతే, వెనక్కి తీసుకోలేని పని ఒకటి ప్రభుత్వం చేతుల మీదుగా జరిగిపోతుంది. అది కూడా తెలిసి, కావాలని చేసే చావే. దాని వెనక మోటివ్ ఏమిటని అడిగే హక్కు మనకూ ఉంటుంది.

*

పీనల్ కోడ్ ఇప్పుడు లేదు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 299, 300 సెక్షన్లు 100, 101 అయ్యాయి. మోటివ్ కొత్త సాక్ష్య చట్టంలో ఆరో సెక్షన్‌లో కూర్చుంది. నంబర్లు మారినయి గానీ ఆ రెండు మాటల మధ్య గోడ ఎక్కడిదక్కడే ఉంది. భూమయ్యనూ కిష్టాగౌడ్‌నూ ఉరితీసిన ముషీరాబాద్ జైలు కూడా ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ హాస్పిటల్ నడుస్తున్నది. మా జిల్లా నుంచి రోగులను తీసుకొని పోయేవాళ్లు ఆ గేటు ముందే ఆటో దిగుతారు.

నా అనువాదం ముగించిన. ఇంటెన్షన్ వచ్చిన ప్రతి చోటా 'ఉద్దేశం' ఉంచిన. మోటివ్‌కు 'ప్రేరణ' పెడితే పరీక్షలకు చదివే పిల్లల పుస్తకంలా ఉంది, 'హేతువు' పెడితే హేతువాదం గుర్తొస్తున్నది. చివరికి పేరు పెట్టకుండా ప్రశ్నగానే రాసిన. ఫోన్‌లో పెద్దనాయినకు చదివి వినిపించిన:

"నిందితుడి ఉద్దేశం రుజువైంది కనుక, ఎందుకు చేశాడన్నది రుజువు కాకపోయినా నష్టం లేదు."

కాసేపు ఏమీ మాట్లాడలే. లైను కట్టయిందేమో అనుకున్నా.

"తెలుగు మంచిగనే ఉంది బిడ్డా," అన్నడు. "నష్టం ఎవలకు లేదో గది గుడ రాసిండ్రా అండ్ల?"